పుస్తకాల బీరువా

ప్రవేశిక

గృహాలంకరణ అనగానే విలువైన సామగ్రి, రంగురంగుల తెరలు, ఖరీదైన దీపాలు గుర్తుకు వస్తాయి. ఇంట్లో అప్పటికే ఉన్న వస్తువులను, ముఖ్యంగా పుస్తకాలను, తిరిగి పేర్చుకోవడం వల్ల ఒక గదికి కొత్త కళ ఎలా వస్తుందో, ఆ పనిలో ఎటువంటి పొరపాటు జరిగే వీలున్నదో ఈ వ్యాసం తెలుపుతుంది. రచయిత్రి తన పుట్టింట ఒక సంక్రాంతి సెలవులలో పొందిన అనుభవం ఇందులోని ప్రధాన వస్తువు.

పాఠ్యభాగం

గృహమనగానే నాలుగు గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీలు మన మనస్సులో మెదులుతాయి. కాని ఒక ఇంటిని మరొక ఇంటినుండి వేరుచేసి చూపేది ఆ గోడల నడుమ వస్తువులు కుదురుకున్న తీరు. ఒకే కొలతలతో, ఒకే రంగుతో వరుసగా కట్టిన ఉద్యోగుల నివాసాలలో సైతం ఏ రెండిళ్ళ ముందుగదులూ ఒక్కలా ఉండవు. ఒక ఇంట గోడ నిండా పటాలుంటాయి. మరొక ఇంట కిటికీ అంచున సీసాలో పెంచిన తీగ పాకుతుంది. ఇంకొక ఇంట తలుపు తీయగానే పుస్తకాలు పలకరిస్తాయి.

వెనుకటి ఇళ్ళలో వస్తువులు దాచుకోవడానికి ప్రత్యేకమైన సామాను తక్కువ. మట్టిగోడలు మిక్కిలి మందంగా ఉండేవి కనుక ఆ గోడలలోనే గూళ్ళు తీసేవారు. వీధి గుమ్మానికి ఇరువైపులా దీపపు గూళ్ళు, వంటింట ఉప్పు పప్పుల గూడు, పడకటింట తలుపులున్న గూడు. ఏడాదికి ఒకసారి తీసే పెద్ద పాత్రలకు అటక ఉండనే ఉన్నది. తాళపత్ర గ్రంథాలున్న ఇళ్ళలో వాటిని రెండు చెక్కపలకల మధ్య బిగించి, తాడు చుట్టి, గుడ్డలో మూటకట్టి పడుకోబెట్టేవారు. పుస్తకం వీపు చూపుతూ నిటారుగా నిలబడడం గట్టి అట్టల అచ్చు పుస్తకాలతో వచ్చిన అలవాటు. ఆ పుస్తకాలను నిలబెట్టే అలమర పేరు కూడా పోర్చుగీసువారి ద్వారా మన భాషలలోకి వచ్చినదే.

అయినా అరలలో వస్తువులను అందంగా అమర్చే కళ మన ఇళ్ళకు కొత్తది కాదు. బొమ్మల కొలువు తీర్చే ఇల్లాలికి ఆ శాస్త్రమంతా తెలుసు. కోస్తా జిల్లాలలో చాలా ఇళ్ళలో సంక్రాంతికీ, కొన్ని ఇళ్ళలో దసరాకూ కొలువు పెడతారు. మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలో మెట్లు కట్టి వాటి మీద వస్త్రం పరుస్తారు. పై మెట్టున దేవతామూర్తులు, దిగువ మెట్ల మీద పెళ్ళివారు, అంగడివారు, ఏనుగులు, లక్కపిడతలు. పెద్ద బొమ్మ వెనుకకు, చిన్న బొమ్మ ముందుకు. చూపు ఆగి ఊపిరి తీసుకోవడానికి మధ్య మధ్య కొంత ఖాళీ. మా అమ్మ కొలువు తీర్చేటప్పుడు నాలుగడుగులు వెనుకకు జరిగి, కళ్ళు సగం మూసి చూసేది. ఎందుకలా చూస్తావని అడిగితే, “బొమ్మలు కనబడకూడదు, బరువు ఎటుందో కనబడాలి, అమ్మాయ్” అనేది. గృహాలంకరణ నిపుణులు నేడు సమతూకమని పెద్ద పేరు పెట్టి చెప్పే సూత్రం ఇదే. ఈ విద్య నాకు పుట్టింటనే దొరికినా, దానిని అక్కడే మరచి పనిచేసిన కథ ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ముప్పది సంవత్సరాలకు పైగా పనిచేశారు. రాజమహేంద్రవరంలోని మా ఇంటి ముందుగదిలో ఆయన టేకు బీరువా ఉంది. అద్దాల తలుపులు, అయిదు అరలు, ఒక్కొక్క అర నాలుగడుగుల పొడవు. జీతం అందిన మొదటి వారంలో ఒక పుస్తకమైనా కొనకుండా ఆయన ఇంటికి వచ్చేవారు కాదు. అట్టలు ఊడిన పుస్తకాలను ఒకే బైండరుకు ఇచ్చి ఎర్ర క్యాలికో గుడ్డతో బైండు చేయించేవారు. ఆయన గతించిన రెండేళ్ళకు, సంక్రాంతి సెలవులలో నేను హైదరాబాదు నుండి వెళ్ళాను. గది చూడగానే మనస్సు చివుక్కుమంది. బీరువా నెత్తిన పాత క్యాలెండర్ల చుట్టలు, ఎవరో ఇచ్చిన జ్ఞాపికలు, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు. లోపల పుస్తకాల మీద అడ్డంగా మరికొన్ని పుస్తకాలు, వాటి మీద పరీక్ష కాగితాల కట్టలు. అద్దాల వెనుక అంతా నల్లగా, ఇరుకుగా ఉంది. గది కూడా ఆయనతోపాటే ఆగిపోయినట్లు తోచింది.

భోగి ముందు ఇల్లు దులపడం ఎలాగూ ఆచారమే కనుక, ఈ గదిని సమూలంగా మార్చివేయాలని నిశ్చయించుకున్నాను. అమ్మను అడిగాను. “నీ ఇష్టం అమ్మాయ్. దుమ్ము పోతే మంచిదేగా. మీ నాన్నగారి చేతిరాత ఉన్న కాగితం మాత్రం పారెయ్యకు” అన్నది.

పుస్తకాల బీరువాను జరపడమంటే ముందు దానిని ఖాళీ చేయడమే. ఒక అడుగు పొడవున నిలబెట్టిన పుస్తకాలు సుమారు పది కిలోల బరువు తూగుతాయి. అయిదు అరలు, ఒక్కొక్కటి నాలుగడుగులు. లెక్క వేసుకుంటే రెండు వందల కిలోలు. నిండు బీరువాను నలుగురు కలిసి నెట్టినా కోళ్ళు విరుగుతాయే తప్ప బీరువా కదలదు. మా బీరువాలో మూడవ అర నడుము అప్పటికే వంగిపోయి ఉంది. మూడడుగులకు మించిన అరకు నడుమ ఒక ఆధారం ఉండి తీరాలని వడ్రంగి చెప్పి, ఆ వంపు కింద ఒక నిలువు పలక బిగించాడు.

పుస్తకం తీయడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. వీపు పైఅంచున వేలు పెట్టి లాగితే ఆ అంచు చిరుగుతుంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కాస్త లోపలికి నెట్టి, కావలసిన దాని నడుమును పట్టుకొని తీయాలి. దుమ్మును తడిగుడ్డతో కాక, పొడిగా ఉన్న మెత్తని కుంచెతో, పుస్తకం మూసి ఉండగానే దులపాలి. చెమ్మ పట్టిన పుస్తకాలను ఎండలో ఆరవేయరాదు. కాగితం పెళుసెక్కుతుంది, రంగు వెలుస్తుంది. నీడలో, గాలి తగిలే చోట, పుటలు కొద్దిగా విచ్చుకునేలా నిలబెట్టాలి. వరండాలో చాప పరచి మేము అలాగే చేశాము.

అన్నిటికన్నా కింది అర ఖాళీ చేసినప్పుడు అసలు సంగతి బయటపడింది. టేకును ముట్టని చెద, గోడలోనుండి మట్టిదారి కట్టుకొని, బీరువా వెనుక కొట్టిన పలుచని ప్లైవుడ్డును తొలుచుకొని లోపలికి చేరింది. ముందునుంచి చూస్తే వీపులు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే లోపల మట్టి. అలా ఎనిమిది పుస్తకాలు పోయాయి. బీరువాను గోడకు ఆనించడం వల్ల వచ్చిన నష్టమిది. గోడకూ బీరువాకూ మధ్య కనీసం మూడంగుళాల ఎడం ఉంటే గాలి ఆడుతుంది, చెద దారి కంటికి కనబడుతుంది. ఎండిన వేపాకు, కలరా ఉండలు చిన్న పురుగులను కొంతవరకు దూరంగా ఉంచవచ్చునేమో గాని, గోడలో కాపురమున్న చెదకు అవి చాలవు. దానికి మందు కొట్టించవలసిందే.

బీరువా అంతవరకు పడమటి కిటికీకి ఎదురుగా ఉండేది. సాయంకాలపు ఎండ నేరుగా తగిలి ముందువరుస పుస్తకాల వీపులు వెలిసిపోయాయి. దానిని దక్షిణపు గోడ పక్కకు, వెలుతురు పక్కనుండి మాత్రమే వచ్చే చోటికి మార్చాము. ఈ ఒక్క మార్పుతో గది సగం తేరుకున్నది. కిటికీ ఎదుట గోడ ఖాళీ అయ్యేసరికి వెలుగు గదంతా పరుచుకున్నది. కొత్త వస్తువు ఒక్కటైనా కొనకముందే గది పెద్దదైనట్లనిపించింది.

ఇంతవరకు చేసినదంతా మంచి పనే. తరువాత చేసినది చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. పత్రికలలో చూసిన బొమ్మలు నా మనస్సులో ఉన్నాయి. పుస్తకాలను రంగులవారీగా విడదీశాను. పై అరలో తెలుపు, పసుపు అట్టలు. తరువాత ఆకుపచ్చ, నీలం. నడుమ అరలో నాన్నగారి ఎర్ర బైండు పుస్తకాలన్నీ ఒకే వరుస. ఎత్తు కూడా మెట్లుమెట్లుగా కుదిర్చాను. మధ్యలో రెండు కొండపల్లి బొమ్మలు, ఒక ఏటికొప్పాక లక్క భరిణె. నిజం చెప్పవలసివస్తే, గది మెరిసిపోయింది. పండుగకు వచ్చిన ఇరుగుపొరుగువారు గుమ్మంలోనే ఆగి చూశారు. అమ్మ కూడా నవ్వింది.

కనుమ నాటి రాత్రి మంచినీళ్ళకు లేచాను. ముందుగదిలో చిన్న దీపం వెలుగుతున్నది. అమ్మ బీరువా తలుపు తీసి నిలబడి ఉంది. ఆమె వేళ్ళు ఎర్ర పుస్తకాల వీపుల మీద ఒకటొకటిగా కదులుతున్నాయి.

“ఏం కావాలమ్మా?” అన్నాను.

“ఏమీ లేదు, నువ్వు పడుకో. మొల్ల రామాయణం.”

ఉండు, నేను తీసిస్తానన్నాను. చూద్దును గదా, ఆ వరుసలో నలభై ఎర్ర పుస్తకాలున్నాయి. బైండరు బంగారు రంగుతో అద్దిన పేర్లు ఏనాడో చెరిగిపోయాయి. ఒక్కొక్కటే తెరిచి చూడవలసి వచ్చింది. దొరికేసరికి పావుగంట పట్టింది. అమ్మకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండవ కన్ను మసక. దీపం దగ్గర కళ్ళద్దాలతో పెద్ద అక్షరాలు చదవగలదు గాని, అద్దాల వెనుక వీపుల మీది పేర్లు ఆమెకు ఆనవు.

“మీ నాన్నగారు రెండో అరలో, పెద్ద నిఘంటువు పక్కన మూడోదిగా పెట్టేవారు. చీకట్లోనైనా చెయ్యి తిన్నగా దాని మీదికే పోయేది” అన్నది అమ్మ. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. “గది బాగుందమ్మాయ్. అందుకే ఏమీ అనలేదు” అని ఆమే మళ్ళీ అన్నది. అంటే నాలుగు రోజులుగా ఆమె ఆ పుస్తకం కోసం వెతుకుతూనే ఉన్నదన్నమాట.

ఐరోపాలో ఒకప్పుడు గ్రంథాలయాలలోని పుస్తకాలను ఇనుపగొలుసులతో అరలకు కట్టివేసేవారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ ప్రధాన చర్చిలో అటువంటి గ్రంథాలయం నేటికీ ఉన్నది. గొలుసు అట్ట ముందంచుకు తగిలించి ఉంటుంది కనుక అక్కడి పుస్తకాలు వీపు లోపలికి, పుటల అంచు బయటికి ఉండేలా నిలబడతాయి. ఈ మధ్య కొందరు అలంకరణ కోసమే పుస్తకాలను వీపు లోపలికి తిప్పి పెడుతున్నారు. అంతా ఒకే లేత రంగులో కనబడుతుందని వారి వాదం. గొలుసు లేకుండానే పుస్తకాన్ని బంధించే ఉపాయమిది! మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్.రంగనాథన్ (1892-1972) 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిది పుస్తకం ఉపయోగం కోసమేనని చెబుతుంది. చదువరి కాలాన్ని ఆదా చేయాలన్నది నాలుగవది. ఆ రెండు సూత్రాలనూ నేను మా ముందుగదిలోనే ఉల్లంఘించాను. గ్రంథాలయాధికారికి వర్గీకరణ సంఖ్యలున్నాయి. మా అమ్మకు నాన్నగారు పెట్టిన చోట్లున్నాయి. ఆ చోట్లను నేను చెరిపివేశాను.

మరునాడు ఉదయం పుస్తకాలన్నీ మళ్ళీ దింపాను. ఈసారి అమ్మను బీరువా ఎదుట కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె కళ్ళు మూసుకొని చెబుతూంటే నేను అందించాను. రెండవ అర, మూడవ అర ఆమెకు దాదాపు పూర్తిగా గుర్తున్నాయి. ఒకచోట పోతన భాగవతం పక్కన హోమియో వైద్యపు పుస్తకం పెట్టమన్నది. ఈ రెంటికీ పొత్తు ఏమున్నదని అడిగితే, నా చిన్నతనంలో రాత్రివేళ నాకు జ్వరం వచ్చినప్పుడు నాన్నగారికి రెండూ కావలసివచ్చేవట. ఒకటి మందు చూడడానికి, ఒకటి తెల్లవార్లూ మేలుకొని ఉండడానికి. ఇటువంటి వర్గీకరణ ఏ శాస్త్రగ్రంథంలోనూ దొరకదు. మిగిలిన మూడు అరల క్రమం మాత్రం ఆమెకూ గుర్తు లేదు. అది ఇక ఎవరికీ తెలియదు. తీయకముందు ఒక్కొక్క అరకు సెల్‌ఫోనుతో ఒక్కొక్క ఫోటో తీసి ఉంటే సరిపోయేది. ఆ పనికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఆ మూడు అరలను మేమిద్దరం కలిసి కొత్తగా పేర్చాము. కూర్చున్నవారికీ, నిలబడినవారికీ సులువుగా అందేది నడుము ఎత్తునుండి కంటి ఎత్తు వరకు. అక్కడ తరచుగా తీసే పుస్తకాలు. శబ్దరత్నాకరం వంటి బరువైన నిఘంటువులు సాధారణంగా కింది అరలోనే క్షేమం. ఎత్తైన చోటునుండి దించేటప్పుడు చేయి జారితే పుస్తకానికీ, మనిషికీ దెబ్బే. కాని అమ్మ చేతికి గుర్తు అదే కనుక మా పెద్ద నిఘంటువు రెండవ అరలోనే ఉండిపోయింది. ఆ అర అంచున ఒక గుడ్డముక్క అంటించి, చేతికి తగిలేలా మరొక గుర్తు కూడా పెట్టాను. పరీక్ష కాగితాలు, పాత గైడ్లు, ఏళ్ళనాటి వారపత్రికలు తీసివేశాము. రెండేసి ప్రతులున్న పుస్తకాలను, పుచ్చుకుంటారో లేదో ముందుగా అడిగి, శాఖా గ్రంథాలయానికి ఇచ్చాము. నాన్నగారు అంచులలో పెన్సిలుతో రాసుకున్న ప్రతి మాత్రం ఎంత చినిగినా ఇంట్లోనే ఉంచాము.

ఇన్ని తీసేసరికి మూడింట ఒక వంతు చోటు మిగిలింది. ఖాళీని చూస్తే నింపాలనిపించడం మనుష్య స్వభావం. ఆ ఖాళీయే గదికి కొత్తదనాన్ని తెచ్చింది. వరుసగా నిలబడిన పుస్తకాల చివర రెండు మూడింటిని పడుకోబెట్టి, వాటి మీద కొండపల్లి ఏనుగును నిలబెట్టాము. పుస్తకాల ముందు మాత్రం ఏ బొమ్మా పెట్టలేదు. పుస్తకం కావలసిన ప్రతిసారీ బొమ్మను జరపవలసివస్తే పదిరోజులకు పుస్తకం తీయడమే మానేస్తాము. బీరువా వెనుక చెద తిన్న పలకను తీసివేసి కొత్త పలక వేయించి, దానికి లేత పసుపు రంగు పూయించాను. ముదురు రంగు అట్టలు ఆ వెలుగులో స్పష్టంగా కనబడుతున్నాయి. బీరువా పక్కన ఒక కుర్చీ, కుర్చీ వెనుక ఒక ఎల్‌ఇడి దీపం. ఇది అలంకారమని అనుకుని పెట్టలేదు గాని, వచ్చినవారి చూపు ముందు ఆ కుర్చీ మీదనే పడుతున్నది.

నాన్నగారి కళ్ళద్దాలు, పాళీ కలం ఒక అరలో పెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “అవి చూపించుకునేవి కావమ్మాయ్” అని తన పెట్టెలో పెట్టుకున్నది. ఆమె మాటే సరియైనదని తరువాత నాకు తోచింది.

అన్నిటికన్నా కింది అర చాలారోజులు ఖాళీగా ఉన్నది. చెద భయంతో అమ్మ అందులో ఏమీ పెట్టనివ్వలేదు. మందు కొట్టించి, ఒక వర్షాకాలం గడిచాక, అటక మీది చందమామ సంచికలను దింపించింది. 1947లో మొదలై, తరువాత ఎన్నో తరాల పిల్లలు చదివి, ఇప్పుడు వెలువడకుండా పోయిన పత్రిక అది. పక్కింటి పిల్లలు నేల మీద కూర్చుంటే వారి చేతికి అందే ఎత్తు ఆ అరదే. పుస్తకాలు పోతాయని నాన్నగారు బీరువాకు తాళం వేసేవారు. ఆ తాళంచెవి ఇప్పుడు గుత్తిలో లేదు. దానికి బదులు ఎవరు ఏది తీసుకువెళ్ళారో రాసే నోటుపుస్తకం ఒకటి, దారంతో కట్టిన పెన్సిలుతో సహా, తలుపుకు వేలాడుతున్నది.

మొన్న ఫోనులో అమ్మ అన్నది: “కింద అర మళ్ళీ చిందరవందరగా ఉంది. పండక్కి నువ్వొచ్చినప్పుడు మాత్రం దాన్ని సర్దకు.”

పదాలు – అర్థాలు

అటక : ఇంటి పైభాగాన సామాను దాచే చోటు
బేసి సంఖ్య : రెండుతో భాగింపబడని సంఖ్య
సమూలంగా : మొదలంటా, పూర్తిగా
జ్ఞాపిక : గుర్తుగా ఇచ్చే వస్తువు
నిక్షేపంగా : చెక్కుచెదరకుండా
శుక్లం : కంటిలో ఏర్పడే తెల్లని పొర
ఉల్లంఘించు : అతిక్రమించు
పొత్తు : సంబంధం, స్నేహం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రచయిత్రి బీరువాను మొదటిసారి సర్దిన తీరుకూ, రెండవసారి సర్దిన తీరుకూ గల భేదాన్ని వివరించండి.
2. పుస్తకాలను చెద, ఎండ, చెమ్మలనుండి కాపాడుకునే పద్ధతులను పాఠం ఆధారంగా రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బొమ్మల కొలువుకూ, అరల అమరికకూ గల పోలిక ఏమిటి?
2. హెర్‌ఫర్డ్ గ్రంథాలయంలో పుస్తకాలు వీపు లోపలికి ఉండడానికి కారణమేమి?
3. భాగవతం పక్కన వైద్య పుస్తకం ఎందుకు ఉండేది?

సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి
1. “గది బాగుందమ్మాయ్. అందుకే ఏమీ అనలేదు.”
2. “అవి చూపించుకునేవి కావమ్మాయ్.”

విడదీసి సంధి పేరు రాయండి
గృహాలంకరణ, గ్రంథాలయం, నాలుగడుగులు, మూడంగుళాలు

మీ ఇంట పుస్తకాలుగాని, ఇతర వస్తువులుగాని ఉన్న ఒక అరను పరిశీలించండి. వాటిని ఆ క్రమంలో ఎవరు, ఎందుకు పెట్టారో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.